చంద్రుడికి పళ్ళు కోసిన కోడలు

ఆ వీధిలో ఆవిడని అందరూ పళ్ళ డాక్టరు అంటారు. ఆవిడ ఎవరి నోట్లోనూ వేలు పెట్టి ఎరగదు. ఇత్తడి బిళ్ళల అంచునా ఇనుప బిళ్ళల అంచునా పళ్ళు కోసి చక్రాలు చెయ్యడం ఆవిడ పని. కొట్టు ముందు మామగారి కాలం నాటి బోర్డు ఇంకా వేలాడుతోంది: "ఇచ్చట అన్ని రకముల పళ్ళు కోయబడును." ఒకసారి బుగ్గ వాచిన పెద్దమనిషి ఒకాయన ఆ బోర్డు నమ్మి లోపలికొచ్చాడట. పళ్ళు కోసే మిల్లింగ్ మెషీను తిరగడం కళ్ళారా చూసి, నొప్పి దానంతటదే తగ్గిపోయిందని చెప్పి వెళ్ళాడట.

ఇనుముతో పనిచేసే ఆడవాళ్ళ మీద పత్రికల్లో ఒక రకం వ్యాసాలు వస్తుంటాయి. చేతిలో సుత్తి, కళ్ళల్లో ఆత్మవిశ్వాసం, కింద రెండు పేరాల శ్రమ మహిమ. అలాంటి ఫొటో ఈవిడకి తియ్యడం కష్టం. పనిలో ఉన్నంతసేపూ కళ్ళకి రక్షణ అద్దాలు ఉంటాయి కాబట్టి ఆత్మవిశ్వాసం బయటికి కనపడదు. అణగారిన మేధావి అనే బొమ్మ కూడా ఈవిడ దగ్గర పనికిరాదు. లెక్కలు ప్రధానంగా డిగ్రీ పాసైంది, ఏ ఉద్యోగానికీ సరిపోని, ఏ పెళ్ళికీ అడ్డురాని మార్కులతో. అత్తారింట్లో అడుగుపెట్టిన కొన్నాళ్ళకే వంటింటి కంటే ముందుగదిలోని కొట్టు బాగుందని తేల్చుకుంది. భర్త లేతు మీద బిళ్ళలు తిప్పి ఇస్తాడు, ఆవిడ పళ్ళు కోస్తుంది. వంట ఎవరికి తీరితే వాళ్ళు చేస్తారు, ఎవరికీ తీరకపోతే అందరూ తిట్టుకుంటారు.

పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగిన గొడవ అర్థం కాదు. మెషీను ఇరుసుకి బిళ్ళ బిగిస్తారు. పక్కనున్న పిడిని ఒక పూర్తి చుట్టు తిప్పితే బిళ్ళ నలభయ్యో వంతు తిరుగుతుంది. కాబట్టి నలభై పళ్ళ చక్రం కావాలంటే చుట్టుకొక పన్ను, సుఖం. ఇంకో సంఖ్య కావాలంటే చుట్టులో కొంత భాగం దగ్గర ఆపాలి. అందుకోసం పిడి వెనక ఉక్కు పలకలు ఉంటాయి. వాటి మీద వలయాలుగా చిల్లులు. ఒక వలయంలో పదిహేను, ఇంకోదాన్లో పదహారు, అలా నలభై తొమ్మిది దాకా, మధ్యలో కొన్ని ఉండవు. చిల్లులు లెక్కపెట్టి పిడి ఆపుతారు. చిల్లు తప్పితే చక్రం పోయినట్టే.

ఈ వృత్తిలో సంఖ్యలు రెండే రకాలు: విరిగేవి, విరగనివి. రెండు వేల వంతు తగ్గించాలంటే నలభై పళ్ళదొకటి, యాభై పళ్ళదొకటి చాలు, చక్రాలు పని పంచుకుంటాయి. రెండు వేల మూడు కావాలంటే పంచుకోవడం కుదరదు. అన్ని పళ్ళూ ఒకే చక్రం మీద కొయ్యాలి, ఆ చక్రం గుమ్మంలోంచి పట్టదు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని అలాంటి దాన్ని బడిలో ప్రధాన సంఖ్య అంటారు. ఈ కొట్లో మొండిది అంటారు. బడి మాటలో ఏదో పదవి ఉన్నట్టుంది కానీ, దానితో వేగాల్సిన వాళ్ళు పెట్టిన పేరే నాకు సరిగ్గా తోస్తుంది.

మామగారి జీవితంలో పెద్ద పని ఒక మొండి సంఖ్యతోనే జరిగింది. ఆ ఊరి గ్రంథాలయానికి గోడ గడియారం ఉంది. ముఖానికి పైన గుండ్రటి కిటికీ, అందులో ఒక బంతి. సగం నలుపు, సగం వెండి రంగు. బంతి మెల్లగా తిరుగుతూ నెలవంక నుంచి నిండు చంద్రుడి దాకా, మళ్ళీ అమావాస్య దాకా చూపించాలి. పాత చక్రాలు అరిగిపోతే కొత్తవి చేసింది ఈయనే, ముప్ఫై ఏళ్ళ కిందట. రెండు చాంద్ర మాసాలకి యాభై తొమ్మిది రోజులని లెక్క పెట్టుకున్నాడు. యాభై తొమ్మిది మొండిది, పలకల్లో ఆ వలయం లేదు. ఉక్కు పట్టీ మీద సమానంగా గుర్తులు పెట్టి, దాన్ని గుండ్రటి బిళ్ళ చుట్టూ బిగించి, ఆ గుర్తుల సాయంతో ఒక పలక చేశాడు. చేతి పని కాబట్టి అందులో తప్పులుంటాయి. పిడి ఒక చుట్టు బిళ్ళకి నలభయ్యో వంతు కాబట్టి, ఆ పలకతో ఇంకో పలక కోస్తే తప్పులూ నలభయ్యో వంతుకి కుంచించుకుపోతాయి. అలా రెండు తరాల పలక చేసి అప్పుడు చక్రం కోశాడు. ఇది గొప్ప పని. ఈ మాట కోడలే అంటుంది, మామగారు వినకుండా.

చిక్కల్లా ఏమిటంటే చంద్రుడికి ఆ యాభై తొమ్మిది సరిపోదు. రెండు నెలలకి యాభై తొమ్మిది రోజుల మీద ఇంకో గంటన్నర కావాలి. ఆ కాస్త తేడా రెండు ముప్పావేళ్ళకి ఒక రోజవుతుంది, ముప్ఫై ఏళ్ళకి పదకొండు రోజులవుతుంది.

ఒక ఉదయం గ్రంథాలయ కార్యదర్శి కొట్టుకొచ్చాడు. మర్యాదస్తుడు. చెడ్డ వార్తని ముందు స్టూలు తుడుచుకుని కూర్చున్నాకే చెప్పే మనిషి.

"గురువుగారూ, ఏమీ అనుకోకండి. మొన్న సాయంత్రం ఆకాశంలో చూస్తే గోరుముక్కంత నెలవంక. మన గోడ మీద చూస్తే నిండు చంద్రుడు. జనం నవ్వుతున్నారండీ."

"కాపలావాణ్ణి అడగండి," అన్నాడు మామగారు. "రెండు ముప్పావేళ్ళకోసారి బంతిని ఒక రోజు వెనక్కి తిప్పమని చెప్పాను."

"ఏ కాపలావాణ్ణండీ? మీరు చెప్పినాయన ఎప్పుడో మానేశాడు. ఆ తర్వాత ముగ్గురు మారారు."

"పోతూ పోతూ వాళ్ళకి చెప్పి పోవద్దూ!"

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "గోడకి రంగులేస్తున్నాం కదా. పరంజా విప్పేలోపు ఆ కిటికీకి రేకు కొట్టించేద్దామని కమిటీలో అన్నారు. చదువుకునే చోట అబద్ధాలు చెప్పే చంద్రుడు ఎందుకని."

కోడలు మెషీను ఆపి అడిగింది: "పరంజా ఎప్పుడు విప్పుతారండీ?"

"వచ్చే నెల మొదట్లో."

"అప్పటిదాకా రేకు జోలికి పోకండి. మేం చూస్తాం."

ఆయన అటు వెళ్ళాడో లేదో, మామగారు లేచాడు. "ఏం చూస్తాం? నా చక్రంలో తప్పేముంది? యాభై తొమ్మిదికి ఒక్క పన్ను తక్కువుందా?"

"చక్రంలో తప్పు లేదు మామయ్యా. సంఖ్యలో ఉంది."

"కాపలావాడు తిప్పుంటే ఈ గోల ఉండేదా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి ఆయన వాదనలో న్యాయముంది. తేడా ఉంటుందని ముందే చెప్పాడు, సవరించే దారీ చెప్పాడు. కాకపోతే మనుషులు మారిపోతారన్న సంగతి లెక్కలో వేసుకోలేదు. కోడలు ఈ న్యాయాన్యాయాలు తేల్చే ఓపిక లేని మనిషి. ఆవిడకి కావలసింది ఒకటే. కిటికీ మూతపడకూడదు. ఆ ఊళ్ళో మామగారి పని పదిమంది కళ్ళబడే చోటు అదొక్కటే. మిగిలినవన్నీ పిండిమరల్లోనూ రంపపు మిల్లుల్లోనూ నూనెలో మునిగి తిరుగుతున్నాయి. గ్రంథాలయానికి రోజూ పేపరు చదవడానికి వెళ్ళే మామగారు, ఈమధ్య వెనక గేటు నుంచి వెళుతున్నాడని ఆవిడకి తెలుసు. ముందు గేటు నుంచి వెళితే గడియారం కనపడుతుంది.

కాకపోతే కిటికీ తెరిచి ఉండాలంటే ఆయన చక్రం తీసెయ్యాలి. ఆయన్ని కాదని తీస్తే కిటికీ మిగిలి మనిషి పోతాడు.

"సరే," అన్నాడు ఆయన, బేరంలోకి దిగినట్టు. "చంద్రుడి అసలు లెక్క పట్టుకురా. పూర్ణ సంఖ్యల్లో తేవాలి. చుక్క పెట్టి పక్కన అంకెలు రాసుకొస్తే ఒప్పుకోను. చుక్కకి పన్ను కొయ్యలేం."

ఇది మొండితనంగా కనపడే తెలివైన షరతు. ఆవిడ అదే గ్రంథాలయానికి వెళ్ళి, ఖగోళం పుస్తకాల్లో పట్టికలు చూసి, కూడి, గుణించి, మర్నాడు వచ్చి చెప్పింది: "మూడు వందల అరవై చాంద్ర మాసాలకి పది వేల ఆరు వందల ముప్ఫై ఒక్క రోజులు. తేడా పావుగంట పైచిలుకు, అంతే. ఇరవై తొమ్మిదేళ్ళకి పావుగంట."

మామగారి మొహం వెలిగింది. పావుగంట ఆయనకి నచ్చింది. "మూడు వందల అరవై మనవాడే," అన్నాడు. నిజమే. 360 ఏ ఇంటికెళ్ళినా ఇమిడిపోయే చుట్టం. రెండుతో, మూడుతో, నాలుగుతో, ఐదుతో, ఆరుతో, ఎనిమిదితో, తొమ్మిదితో, పదితో, పన్నెండుతో, అందరితోనూ పొత్తు. "ఇక రెండోవాడి సంగతి చూద్దాం," అని సుద్దముక్క తీసుకుని, రేకుల బీరువా తలుపు మీద 10,631 అని పెద్దగా రాశాడు.

ఆ ఉదయమంతా కొట్లో చూడాల్సిన దృశ్యం. ఆవిడ పిండిమర చక్రానికి పళ్ళు కోస్తోంది. ఆయన తలుపు దగ్గర నిలబడి భాగిస్తున్నాడు. మధ్య మధ్య కేకలు.

"మూడు పోదు. అంకెలు కూడితే పదకొండు!"

"ఏడుకెంత మిగిలింది?"

"ఐదు మిగిలింది. పదకొండుకీ ఐదే."

కొంతసేపయ్యాక: "అమ్మాయ్, ఇరవై మూడుకీ ఐదే మిగిలింది! ఐదు రోజులు వదిలేశామనుకో, ఎంత మెత్తగా విరుగుతుందో చూడు. రెండు, మూడు, ఏడు, పదకొండు, ఇరవై మూడు. వెన్నముద్ద!"

"ఐదు రోజులు వదిలేస్తే చంద్రుణ్ణి కూడా వదిలేసినట్టే మామయ్యా."

"ఇంట్లో ఇద్దరూ చంద్రుడి కోసం కొట్టుకుంటున్నారు," అన్నాడు ఆవిడ భర్త లేతు దగ్గర నుంచి. "భూమ్మీద ఎవరన్నా టీ తాగుతారా?"

భాగహారం ఆగలేదు, మెషీనూ ఆగలేదు. టీ భర్తే పెట్టుకొచ్చాడు.

అలా 103 దాకా వెళ్ళి సుద్దముక్క పడేశాడు పెద్దాయన. ఆ పైన చూడక్కర్లేదు. 103ని దానితోనే గుణిస్తే 10,609. తర్వాతి మొండిది 107. దాన్ని దానితోనే గుణిస్తే మన సంఖ్య దాటిపోతుంది. ఏ సంఖ్యనైనా రెండు ముక్కలు చెయ్యగలిగితే, ఆ రెండిట్లో చిన్న ముక్క ఈ హద్దు లోపలే దొరకాలి. దొరకలేదంటే ముక్కలే లేవు. పది వేల ఆరు వందల ముప్ఫై ఒకటి మొండిది. దాని ఇరుగుపొరుగు కూడా అంతే. ఒకటి తగ్గిస్తే లోపల 1,063 దొరుకుతుంది, ఒకటి పెంచితే 443. రెండూ మొండివే.

"చూశావా," అన్నాడు మామగారు. చాలాకాలం తర్వాత గెలిచిన గొంతు అది. "మొండివాణ్ణి నేను కాదు, చంద్రుడు. దేవుడు దిగొచ్చినా ఈ పళ్ళు కొయ్యలేడు. రేకు కొట్టించుకోమను."

ఆ మాట అని కూర్చున్నాడు. టీ ముందు పెట్టినా ముట్టుకోలేదు. గెలిచినవాళ్ళు సాధారణంగా టీ తాగుతారు. కోడలు అది గమనించింది.

ఇక్కడ ఆవిడ చేసిన పని నాకు చాలా ఇష్టం. కొండ ఎదురైతే ఢీకొట్టడం మన కథల్లో వీరత్వం. ఈవిడ పక్కకి జరిగింది. 10,631 విరగకపోతే 360ని కూడా వదిలేద్దాం, నెలల సంఖ్యనీ రోజుల సంఖ్యనీ రెండిటినీ కదుపుదాం అనుకుంది. పద్ధతి వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు లాంటిది. 2 నెలలకి 59 రోజులంటే కాస్త తక్కువ. 15 నెలలకి 443 అంటే కాస్త ఎక్కువ. నెలలు నెలలతో, రోజులు రోజులతో కలిపితే 17 నెలలకి 502. ఇది మళ్ళీ కాస్త తక్కువ, కాని ముందుకంటే నయం. తక్కువదాన్ని ఎక్కువదానితో కలుపుతూ పోతే నిజం రెండువైపుల నుంచీ దగ్గరికొస్తుంది. దారిలో తగిలిన ప్రతి సంఖ్యనీ విరుగుతుందా లేదా అని చూసుకోవడమే.

తర్వాతి జత 32 నెలలకి 945 రోజులు. 945 బిస్కట్టులా విరిగింది. ఆవిడ పొంగిపోయి చెప్పింది.

మామగారు చూసి తల ఊపాడు. "ఆ గడియారం చట్రంలో అరవై పళ్ళ పైన చక్రం పట్టదు. అప్పుడు దీనికి జతగా ఎనిమిది పళ్ళ బుల్లి చక్రం పెట్టాలి. తొమ్మిదికి తక్కువ కోస్తే పన్ను మొదలు దగ్గర సన్నబడుతుంది. రెండేళ్ళలో విరుగుతుంది. నేను కొయ్యను, నిన్నూ కొయ్యనివ్వను."

అది సాకు కాదు. ఆవిడ వాదించలేదు.

తర్వాతిది 49 నెలలకి 1,447. దాదాపు నిజం. మొండిది. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు రెండు రోజులు దాని వెంటే తిరిగింది, విరగలేదు. పరంజా మీద రంగులవాళ్ళు పైవరస పూర్తి చేసి కిందికి దిగుతున్నారు. కార్యదర్శి ఒకసారి కొట్టు ముందు నుంచి పోతూ సైకిలు దిగకుండానే "ఏమన్నా తేలిందాండీ?" అని అడిగాడు. "తేలుతోందండీ," అంది ఆవిడ. ఇలాంటి జవాబులు ఆ వృత్తికి కొత్త కాదు.

ఆ సాయంత్రం 32నీ 49నీ కలిపింది. 81 నెలలు, 2,392 రోజులు. తేడా దాదాపు మూడు వందల ఏళ్ళకి ఒక రోజు. బీరువా తలుపు తుడిచి రాసింది. మామగారు స్టూలు మీద నుంచి లేవకుండానే చూశాడు.

"అది పోదు," అన్నాడు.

"ఇంకా చూడందే?"

"చూడక్కర్లేదు. అప్పుడే చూశాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఈ గడియారం కోసం తల బద్దలుకొట్టుకున్నప్పుడు ఇక్కడి దాకా నేనూ వచ్చాను. సగం చెయ్యి, పదకొండు వందల తొంభై ఆరు. మళ్ళీ సగం, ఐదు వందల తొంభై ఎనిమిది. మళ్ళీ సగం, రెండు వందల తొంభై తొమ్మిది. అది మొండిది. దాంతో విసుగెత్తే యాభై తొమ్మిదికి దిగాను."

"రెండు వందల తొంభై తొమ్మిదా?"

"మూడు పోదు, ఐదు పోదు, ఏడు పోదు, పదకొండు పోదు, పదిహేడు పోదు. పదిహేడు పదిహేళ్ళు రెండు వందల ఎనభై తొమ్మిది. ఆ పైన చూసే పనే లేదు. మొన్నటి హద్దు లెక్కే."

కోడలు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన వరస ఆవిడ చెవుల్లో ఇంకోసారి తిరిగింది. పదకొండు పోదు, పదిహేడు పోదు.

"మామయ్యా, పదమూడు ఇరవై మూళ్ళెంత?"

"ఎందుకు?"

"చెప్పండి."

పెద్దాయన పైకప్పు కేసి చూస్తూ లెక్కపెట్టాడు. "పదమూడు ఇరవైలు రెండు వందల అరవై. పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది. రెండు వందల అరవై, ముప్ఫై తొమ్మిది..."

ఆగిపోయాడు. లేతు కూడా ఆగింది. ఆవిడ భర్త అటు తిరిగి చూసి, జోకు వెయ్యబోయి మానుకున్నాడు. ఆయన జీవితంలో అది అరుదైన సంఘటన.

ఆ తప్పు ఎలా జరిగిందో తర్వాత తేలింది. అలాంటి తప్పు ఆ కొట్లో తప్ప ఇంకెక్కడా జరగదు. పెద్దాయన బడి పన్నెండో ఎక్కంతో ఆగిపోయింది. తర్వాతి సంఖ్యల పరిచయమంతా పలకల మీది చిల్లులతోనే. పలకలు పదిహేనుతో మొదలవుతాయి. ఎక్కాలకీ పలకలకీ మధ్య ఇరుకు సందు ఒకటుంది. అందులో పడిపోయింది పదమూడు. తమాషా ఏమిటంటే ముప్ఫై తొమ్మిది చిల్లుల వలయం ఆయన లెక్కలేనన్నిసార్లు వాడాడు. పదమూడు దాంట్లో మూడుసార్లు కూర్చునే ఉంది, ఎప్పుడూ నోరు విప్పలేదు.

"అయితే నీ పది వేల ఆరు వందలవాణ్ణి కూడా పదమూడుతో చూడలేదే నేను," అన్నాడు చివరికి. గొంతులో భయం వినపడింది. ముప్ఫై ఏళ్ళ లెక్కలన్నీ ఒక్కసారి ఊగినట్టుంది ఆయనకి.

"నేను చూశాను లెండి. పది మిగిలింది. అది నిజంగానే మొండిది."

"పదమూడు ఆ మాత్రం దయ చూపించింది," అని లేచి, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు భర్త. "అన్నం కూడా తినలేదు."

"ఏమీ చెయ్యొద్దు. ఓదార్చారంటే చంపుతారు."

ఆవిడ గొప్పతనం లెక్కలో ఉందని అనేవాళ్ళుంటారు. నాకు ఇక్కడ కనపడింది. ముప్ఫై ఏళ్ళ తప్పు పట్టుకున్న మనిషికి నాలుక దురద పెడుతుంది. "పోనీలెండి, అందరికీ జరిగేదే" లాంటి తియ్యటి మాటైనా వచ్చేస్తుంది, అది తిట్టుకంటే ఘోరం. ఈవిడ బీరువా తలుపు కూడా తుడవలేదు, చుట్టూ గీత కూడా గియ్యలేదు. పిండిమర చక్రం మిగిలిపోయింది కాబట్టి దాని పని చూసుకుంది.

మర్నాడు పొద్దున ఆవిడ కొట్టు తెరిచేసరికి పెద్దాయన లోపలే ఉన్నాడు. పాత పలకల పెట్టె ముందేసుకుని ఒక్కో పలకా నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు: "బిళ్ళ మందం ఎంత అనుకుంటున్నావు?"

అదే ఆయన ఒప్పుకోలు. ఇంతకంటే ఎక్కువ ఆశించేవాళ్ళు మామగార్లతో కాపురం చేసి ఉండరు.

"పాతదాని మందమే. మార్చడం ఎందుకు?"

"ఊఁ. యాభై రెండొకటి, నలభై ఆరొకటి. బుల్లివి తొమ్మిదీ తొమ్మిదీ. పదమూడు యాభై రెండులో దాక్కుంటుంది, ఇరవై మూడు నలభై ఆరులో. ఒక్క కొత్త పలక కూడా అక్కర్లేదు, చూశావా? అన్నీ ఇంట్లో ఉన్న వలయాలే." ఇంకో పలక తుడుస్తూ అన్నాడు: "నేను మాత్రం యాభై తొమ్మిది కోసం మూడు నెలలు పలక చేస్తూ కూర్చున్నాను."

"ఆ పలక ఇంకెవరూ చెయ్యలేరు మామయ్యా."

"ఇంకెవరికీ అక్కర్లేదు కూడా. పద, ముప్ఫై తొమ్మిది వలయం బిగించు. పన్నుకి ముప్ఫై చిల్లులు."

యాభై రెండు పళ్ళ చక్రం ఆవిడ కోసింది. ఆయన పక్కన నిలబడి చిల్లులు పైకి లెక్కపెట్టాడు. ఆవిడకి ఆ సాయం అక్కర్లేదు, పైగా విసుగు. రెండుసార్లు చెప్పింది, మూడోసారి మానేసింది. నలభై ఆరుది కోసేటప్పుడు ఆయన పిడి తనే తీసుకున్నాడు. సగం పళ్ళయ్యాక చేతులు లాగుతున్నాయని ఇచ్చేశాడు. ఏ పన్ను ఎవరు కోశారో ఇప్పుడు చూసి చెప్పలేం. కోడలు మాత్రం చెప్పగలనంటుంది. ఆయన కోసినవే నున్నగా ఉన్నాయట.

బిగించే రోజుకి గోడంతా కొత్త రంగు వాసన. పరంజా ఇంకా విప్పలేదు. ఆవిడ చక్రాలు సంచిలో వేసుకుని గడియారం వెనకున్న ఇరుకు గదిలోకి మెట్లెక్కి వెళ్ళింది. పెద్దాయనకి మోకాళ్ళు సహకరించవు. ముందు గేటు దగ్గర, వీధిలో, గోడ బాగా కనపడే చోట నిలబడ్డాడు. కార్యదర్శి వచ్చి పక్కన చేరాడు.

పైనుంచి కేక వినపడింది: "మామయ్యా, పాతది ఊడదీశాను!"

"పారెయ్యకు! మంచి ఇత్తడి!"

కార్యదర్శి నెమ్మదిగా అడిగాడు: "గురువుగారూ, ఇది కొత్త లెక్కా అండీ?"

"లెక్క పాతదే. ముప్ఫై ఏళ్ళ కిందటే నా చేతికొచ్చింది. నేను జారవిడుచుకున్నాను, మా కోడలు పట్టుకుంది." ఆయన గట్టిగానే అన్నాడు. పరంజా మీదున్న రంగులవాళ్ళు కూడా కిందికి చూశారు. "కాపలావాళ్ళ తప్పేం లేదు. ఆ మాట కమిటీకి చెప్పండి."

కార్యదర్శి జేబులోంచి పెన్ను తీశాడు. "మరి దీన్ని ఎప్పుడెప్పుడు వెనక్కి తిప్పాలండీ? ఈసారి పుస్తకంలో రాయించి పెడతాను."

"మూడు వందల ఏళ్ళకి ఒక్క రోజు ముందుకి తిప్పాలి. నన్ను పిలవకండి, నాకు మెట్లు పడవు. మా కోడల్ని పిలవండి."

పైన కిటికీలో బంతి కదిలింది. ఆవిడ లోపలినుంచి చేత్తో తిప్పుతోంది. లోపలున్న మనిషికి బంతి వెనక భాగమే కనపడుతుంది కాబట్టి వీధిలోంచి ఎవరో ఒకరు చెప్పాలి.

"మామయ్యా! ఇవాళ ఎంత చూపించాలి?"

సాయంత్రం కావస్తోంది. ఎండ ఇంకా పోలేదు. గ్రంథాలయం పైకప్పు మీదుగా, నీటిలో కడిగిన సుద్దముక్కలా, పగటి చంద్రుడు అప్పటికే ఉన్నాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూశాడు, గోడ మీదికి చూశాడు, మళ్ళీ ఆకాశంలోకి చూశాడు.

"సగానికి కొంచెం తక్కువ. తిప్పు... ఇంకా తిప్పు... అబ్బే, ఎక్కువైంది, వెనక్కి. వెంట్రుకంత."

"చాలా?"

ఆయన ఇంకోసారి పైకి చూశాడు.

"చాలు. ఇక బిగించెయ్యి."